అయిదుకి రెండు

ఆ వానాకాలం మా రేడియో క్లబ్బులోకి కొత్తగా పదకొండు మంది వచ్చారు. పదకొండు మందినీ తరిమేసింది నేనే. అప్పట్లో మాత్రం వాళ్ళంతట వాళ్ళే పారిపోతున్నారనీ, ఈ కాలం మనుషులకి దేనిమీదా నిలకడ లేదనీ ఇంటికొచ్చిన ప్రతివాడి బుర్రా తినేశాను. పాలు పోసే అతను నన్ను చూస్తే చాలు, గిన్నె గుమ్మంలో పెట్టేసి సైకిలెక్కేసేవాడు.

మాది హామ్ రేడియో క్లబ్బు. పాటలూ వార్తలూ వచ్చే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, సొంత సెట్టు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. ఫోనుండగా ఇదెందుకని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం నేనెప్పుడో మానేశాను. ఊరి నీళ్ళ ట్యాంకు నెత్తిన మా రిపీటర్ పెట్టె ఉండేది. ఏ మూల నుంచి ఎవరు ఎంత సన్నగా పలికినా అందుకుని, ఊరంతటికీ తిరిగి గట్టిగా చెప్పే పెట్టె అది. రోజూ పొద్దున్న ఏడింటికి అందరం దాని మీద చేరేవాళ్ళం. ఒకరు హాజరు పిలుస్తారు, మిగతావాళ్ళు వంతులవారీగా పలుకుతారు. దాన్ని నెట్ అంటాం. హాజరు పిలిచేవాణ్ణి కంట్రోలరంటాం. పద్దెనిమిదేళ్ళుగా ఆ కంట్రోలర్ని నేనే.

కరెంటు పని నేర్పే బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి అందరికీ నేను మాస్టారిని. క్లబ్బులో మాత్రం పాముచెవుల మాస్టారిని. పిడుగులు పడుతున్నా సరే, సముద్రాల అవతల ఎవడో కొట్టే మోర్సు చుక్కల్నీ గీతల్నీ ఆ మోతలోంచి ఏరుకోగల చెవి నాది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల పొంగిపోయేవాణ్ణి. దాచుకోవడమెందుకు, నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే అనుకునేవాణ్ణి.

తొలకరి పడిన వారంలో నీళ్ళ సరఫరా ఆఫీసుకి కొత్త ఆఫీసరొచ్చాడు. వస్తూనే ట్యాంకెక్కి చూసి, మా పెట్టె దగ్గర ఆగాడు.

"ఇదెవరిది? ఎంతమంది వాడతారు?"

"ఎనిమిది మందిమండీ" అన్నాడు మా క్లబ్బు ప్రెసిడెంటు. మందుల షాపు నడుపుతాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, అందుకని పెద్దాయన అంటాను.

"ఎనిమిది మంది పెద్దవాళ్ళ కాలక్షేపానికి సర్కారు ట్యాంకెందుకండీ? వానలు వెళ్ళేలోపల కనీసం పన్నెండు మంది రోజూ వాడుతున్నట్టు రాసి చూపించండి. లేదంటే దించుకుపొండి."

నలుగురు కావాలి. పెద్దాయన ఊరుకునే మనిషి కాదు. అప్పటికే షాపు వెనక గదిలో పాఠాలు చెప్పి పదకొండు మందిని పరీక్షకి పంపి ఉన్నాడు. పదకొండు మందీ పాసయ్యారు, లైసెన్సులొచ్చాయి. "నా వంతు అయిందయ్యా. వాళ్ళని నెట్‌లో నిలబెట్టడం నీ వంతు" అన్నాడు. "నాకొదిలెయ్యండి" అన్నాను. పదకొండులో నలుగుర్ని నిలబెట్టలేనా అని నవ్వాను కూడా.

ఆ పెట్టె పోతే మేం ఎనిమిది మందిమి ఎనిమిది గదుల్లో మూగవాళ్ళమవుతాం. ఒకరి ఇంటి కప్పు మీంచి ఇంకొకరి ఇంటి కప్పుకి మాట అందదు. రిటైరయ్యాక నాకోసం రోజూ ఓ వేళకి నలుగురు ఎదురుచూసే చోటు అదొక్కటే ఉండేది. ఆ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా.

*

మొదటి రోజు నెట్ బ్రహ్మాండంగా మొదలైంది. పెద్దాయన వచ్చి రాత్రి వాన సంగతీ, మోకాలి సంగతీ, బ్యాటరీ సంగతీ చెప్పాడు. ఎదుటివాడి గొంతు ఎంత స్పష్టంగా వినపడిందో అయిదుకి ఇన్ని అని మార్కులు వెయ్యడం మా ఆచారం. పెద్దాయనకి అయిదుకి అయిదు వేశాను. మిగతా పాతవాళ్ళకీ అంతే. తర్వాత కొత్తవాళ్ళని పిలిచాను.

మొదట పలికింది మా వెనక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. నలభై దాటి ఉంటుంది. లైసెన్సులో తనకిచ్చిన పిలుపు పేరు పలికి, ఏదో చెప్పడం మొదలెట్టింది. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టుంది. శబ్దం వస్తోంది, మాట రావట్లేదు.

"మీ సిగ్నల్ బలంగానే ఉందమ్మా. మాటే అర్థం కావట్లేదు. అయిదుకి రెండు. మైకు సరిచూసుకుని రేపు రండి" అన్నాను.

తర్వాత నర్సమ్మ. రెండు. కాలేజీ అమ్మాయిలిద్దరు, ఒకే మైకు పంచుకుని మాట్లాడుతున్నారు. రెండు. వెల్డింగు షాపతనిది కొంచెం బొంగురు గొంతు. పోనీలే అని రెండున్నర వేశాను. అందరితోనూ మర్యాదగా ఉన్నాననే అనుకున్నాను. తప్పు చూపించకుండా మెచ్చుకుంటే మనిషి బాగుపడతాడా? ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తెలీదా?

వారం తిరిగేసరికి నలుగురు రావడం మానేశారు. మిగిలినవాళ్ళకి రోజూ ఒకటే పాట పాడాను. మైకు మార్చండి, వైరు మార్చండి, దూరం పెట్టి మాట్లాడండి, దగ్గర పెట్టి మాట్లాడండి. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే ఉంది. ఎవరూ బాగుచేసుకోరు. చవకబారు సెట్లు కొంటారు, పుస్తకం చదవరు, చెప్పింది వినరు. నాకు ఒళ్ళు మండిపోయేది.

వెల్డింగు షాపతనొక్కడే నా మాట విన్నాడు. సెట్టు విప్పి లోపల మైకు వైరు మార్చబోయాడు. ఆ మర్నాడు గుడ్డ సంచిలో సెట్టు పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. వానలో తడిసొచ్చాడు.

"విప్పాక అసలు పలకట్లేదు సార్. మీరు చెప్పారని విప్పాను."

"విప్పమంటే ఇలా విప్పుతారటయ్యా? ఇనుప గేట్లు అతికించే చేత్తో ఈ వెంట్రుక లాంటి వైర్లు అతికిస్తానంటే ఎలా?"

"మరి ముందు బానే పలికేది సార్."

"బాగా పలికితే రెండున్నర ఎందుకేస్తాను? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే!"

అతను సంచి మూతి ముడేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాదంతా అతని షాపు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే నేను చుట్టుతిరిగి వెళ్ళాను. మొదట్లో కోపంతో, తర్వాత సిగ్గుతో.

కుట్టుమిషన్ ఆవిడ మాత్రం జిడ్డు మనిషి. మూడువారాల్లో రెండు మైకులు మార్చింది. మూడోసారి సెట్టు పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ లైబ్రరీలో పని చేస్తుంది, ఆ రోజు సెలవు, టీ పెట్టిచ్చింది. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం.

"ఏం లోపముందో మీరే చూడండి మాస్టారూ. రోజూ ఎనిమిదింటికల్లా మిషన్ ముందు కూర్చోవాలి నేను. పొద్దున్న ఈ అరగంటే నాది. అది కూడా మైకు విప్పడానికీ బిగించడానికీ సరిపోతోంది."

ఎదురుగా కూర్చుంటే ఆవిడ మాట గంట కొట్టినట్టుంది. ఒక్క ముక్క పొల్లుపోలేదు. అది చూసి నాకు అనుమానం ఇంకా గట్టిపడింది, లోపం సెట్టులోనే ఉందని. మీటరు పెట్టి గంటసేపు వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఒప్పుకోవడానికి మనసొప్పక, "ఇది నాది, బంగారంలాంటి మైకు, ఇది పెట్టి మాట్లాడండి" అని నా అలమర్లోంచి తీసిచ్చాను. ఆవిడ రెండు చేతులా పుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న ఆ బంగారంలాంటి మైకులోంచి కూడా గుడ్డ కుక్కిన గొంతే వచ్చింది.

"లాభం లేదమ్మా" అన్నాను, అందరూ వింటుండగా. "మైకు కాదు, మీ మాట తీరే అలా ఉంది. నోరు బాగా తెరిచి మాట్లాడ్డం అలవాటు చేసుకోండి. అయిదుకి రెండు."

ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

*

వానలు సగం గడిచాయి. షాపు వెనక గదిలో పాతవాళ్ళం కూర్చుని లెక్క చూసుకున్నాం. పదకొండులో మిగిలింది ముగ్గురు. వాళ్ళు కూడా రోజు విడిచి రోజు.

"నలుగురు కావాలయ్యా" అన్నాడు పెద్దాయన. "నెలా పదిహేను రోజులే ఉంది."

"నేనేం చెయ్యను? ఒక్కడికైనా మాట్లాడ్డం వచ్చా? మీరు పరీక్షకి పాఠం చెప్పారు గానీ మైకు పట్టుకోవడం చెప్పలేదు."

"చెప్పాను."

"చెప్తే ఇలా గొణుగుతారా? మీకు మాత్రం వినపడట్లేదా ఆ గొణుగుడు?"

పెద్దాయన మందు డబ్బాల మీది దుమ్ము దులుపుతూ, "నీ చెవికి పట్టేది మాకెక్కడ పడుతుందిలే" అన్నాడు. మిగతా ఆరుగురూ తలలూపారు. నేనది మెచ్చుకోలనుకున్నాను. ఆ మాట మీద ఇంటిదాకా హుషారుగా నడిచొచ్చాను.

ఆ తర్వాత మూడు వారాలకి కుట్టుమిషన్ ఆవిడ మూడు రోజులు వరసగా వచ్చింది. ఎప్పుడూ రెండు ముక్కలతో సరిపెట్టే మనిషి, ఈసారి పెద్ద పెద్దగా ఏదో చెబుతోంది. చెప్పిందే మళ్ళీ చెబుతున్నట్టుంది. మొదటి రోజు మైకు గురించి చెప్పాను. రెండో రోజు, "అంత పొడుగు వాక్యాలొద్దు, చిన్న చిన్నవి మాట్లాడండి" అన్నాను. మూడో రోజు ఆవిడ చిన్న చిన్న వాక్యాలే మాట్లాడింది. వాటిల్లో ఒక్కటీ నాకు మాటలా వినపడలేదు.

"ఇంకా అలాగే ఉందమ్మా. సరిచేసుకున్నాకే రండి. రెండు" అని ఆవిడ వంతు కోసేసి, నెట్ ముగించాను.

మా ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతోంది. గుమ్మంలోంచి తలెత్తి నన్ను చూస్తూ అంది.

"ఏవండీ, ఇస్తానన్నవాళ్ళని కూడా అలా కసురుకుంటారేంటి?"

"ఎవరేమిచ్చారు?"

"మేడండీ. వాళ్ళది మూడంతస్తుల మేడట కదా, ట్యాంకు వాళ్ళు దించేస్తే మీ పెట్టె దాని మీద పెట్టుకోండి, కరెంటు కూడా మా ఇంట్లోంచే తీసుకోండి అని మూడ్రోజుల్నించీ మొత్తుకుంటోంది. మీరేమో మైకు మార్చుకోమంటారు. ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, పాపం."

నేను లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"నీకు వినపడిందా అదంతా?"

"మీరు పెట్టే సౌండుకి పక్కింటివాళ్ళకి కూడా వినపడుతుంది."

"మొదటి రోజు నుంచీ వినపడేదా? నర్సమ్మ, కాలేజీ పిల్లలు, వెల్డింగు షాపతను?"

"వినపడక?" అని ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "పాపం ఆ పిల్లలు మొదటి రోజు మీకు దండాలు కూడా చెప్పారు. గురువుగారూ అన్నారు."

"మరి నేను రెండు మార్కులేస్తుంటే నువ్వెందుకు మాట్లాడలేదు?"

"కొత్తవాళ్ళకి రెండే వెయ్యాలని మీ రేడియో రూలేమో అనుకున్నానండీ. మీ రూళ్ళు నాకేం తెలుసు!"

నేను రేడియో దగ్గర్నుంచి పేపరు తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. అటు తిరిగి చదవమన్నాను. ఎందుకని అడిగింది. చదవమన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి చదవడం మొదలెట్టింది. ఆ, ఈ, ఊ అని శబ్దాలు వచ్చాయి. క, ట, ప, స ఒక్కటీ రాలేదు. పళ్ళు లేనివాడు మాట్లాడినట్టు ఉంది. ఇటు తిరిగి చదవమన్నాను. ఆవిడ పెదాలు కనపడగానే మాటలన్నీ వచ్చేశాయి.

ఆవిడ పేపరు మడిచి, నా మొహం చూసి, స్టవ్వు ఆర్పేసింది.

చెవి డాక్టరు చెప్పింది కూడా అదే. లావుపాటి శబ్దాలు బానే వినపడుతున్నాయి, సన్నటివి పోయాయి, రెండు మూడేళ్ళ నుంచీ పోతూ ఉండాలి అంది. మోర్సు ఒకటే లావు శబ్దం కాబట్టి దానికి ఏ ఢోకా లేదు. పాతవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళుగా చెప్పిందే చెబుతారు కాబట్టి వాళ్ళ మాటలు నాకు వినక్కర్లేదు, కంఠతా వచ్చు. పెద్దాయన మోకాలంటే మోకాలు, బ్యాటరీ అంటే బ్యాటరీ. కొత్తవాళ్ళు కొత్త గొంతుతో కొత్త మాట చెబితేనే నా బండారం బయటపడేది. బయటపడిన ప్రతిసారీ నేను వాళ్ళని వెళ్ళి మైకు బాగుచేసుకోమన్నాను.

"చెవికి పెట్టుకునే మిషన్ రావడానికి మూడు వారాలు పడుతుంది" అంది డాక్టరు. అప్పటికి వానలు వెళ్ళడానికి ఇరవై రోజులుంది.

ఆసుపత్రి నుంచి నేరుగా మందుల షాపుకెళ్ళి పెద్దాయన్ని కౌంటరు వెనక నిలేశాను. నా చెవి సంగతి చెప్పలేదు.

"కుట్టుమిషన్ ఆవిడ మాట మీకు వినపడేదా?"

"శుభ్రంగా."

"మేడ ఇస్తానందని తెలుసా?"

"విన్నాను."

"మరి చెప్పరేం!"

"నువ్వు రెండేస్తుంటే మేమేం చెబుతాం? మావి మామూలు చెవులు, నీవి పాముచెవులు. మాకు తెలియని లోపమేదో నీకు తెలుస్తోంది కాబోలనుకున్నాం. మేడ సంగతంటావా, ముందు పద్ధతి నేర్చుకోనీ, తర్వాత చూద్దామని నీ ఉద్దేశమేమో అనుకున్నాం."

"మధ్యలో ఒక్కరు నోరు విప్పితే ఏం పోయింది?"

"నెట్ నడుస్తుంటే కంట్రోలర్ని కాదని మధ్యలో మాట్లాడకూడదని రూలు పెట్టింది నువ్వే కదటయ్యా!" అన్నాడు పెద్దాయన, నిజంగానే కోపంగా.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. వాళ్ళకి సర్కారు లైసెన్సు ఇచ్చింది, ఊరు ఊరంతా వాళ్ళ మాట వింది, నేనొక్కణ్ణే గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. అక్కడైనా పెద్దాయనకి అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. దగ్గు బిళ్ళలు కొనుక్కుని వచ్చేశాను.

*

కుట్టుమిషన్ ఆవిడ ఆ మర్నాడు నెట్‌కి రాలేదు. మిగిలిన ఇద్దరు కొత్తవాళ్ళూ అప్పటికే మానేశారు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మూడో రోజు మా ఆవిడ నా చొక్కా తెచ్చి మంచం మీద పడేసింది.

"వెళ్ళి చెప్పి రండి."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు."

వెళ్ళాను. మేడ కింద గదే ఆవిడ షాపు. గుమ్మం ఎదురుగా మిషన్, చుట్టూ గుడ్డల కుప్పలు, గోడకి కొలతల కాగితాలు. ఆవిడ నన్ను చూసి లేవలేదు. స్టూలు వైపు చెయ్యి చూపించి, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలెట్టింది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి ఉన్నాయి.

నేను దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అమ్మా, తప్పు మీ మైకుది కాదు, నా చెవిది, అని మొదలెట్టాలి. "అమ్మా, మీ మైకు బానే ఉంది" అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

ఆవిడ తల వంచుకునే ఏదో అంది. మిషన్ మోత, సూదులు, వంచిన తల. నాకు ఒక్క ముక్క అందలేదు. ఏమన్నారు అని అడగొచ్చు. అడిగితే ఎందుకు వినపడలేదో చెప్పాలి. అందుకని "అవునవును" అన్నాను. ఆవిడ మిషన్ ఆపకుండా ఇంకాస్త చెప్పింది. "అలాగే, అలాగే" అన్నాను. ఆవిడ చటుక్కున తలెత్తి నా వైపు చూసింది. అక్కడ అలాగే అనాల్సింది కాదని అర్థమైంది గానీ, ఏమనాలో తెలీదు. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అలమర్లోంచి నా మైకు తీసి, కాగితంలో చుట్టి, నా ఒళ్ళో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"ఏమందండీ?"

"ఒప్పుకుందనుకుంటా."

"అనుకుంటా ఏంటి?"

"ఏమో. నేను అలాగే అన్నాను."

"దేనికి అలాగే అన్నారు?"

నేను చెప్పులు విప్పుకుంటూ కూర్చుండిపోయాను. మా ఆవిడ కాగితం పొట్లం విప్పి మైకు చూసింది. ముప్ఫయ్యొక్కేళ్ళ కాపురంలో నన్ను ఎన్నో అంది గానీ, ఆ రోజులా ఎప్పుడూ అనలేదు.

"ఊళ్ళోవాళ్ళ గొంతులకి మార్కులేసే మనిషివి, నీకు వినపడలేదని నోరు తెరిచి ఒక్కసారి చెప్పలేవా? ఆవిడ పెట్టె వద్దందో, నిన్ను మళ్ళీ రావద్దందో! దానికి కూడా అలాగే అనొచ్చావా?"

కోపంలో మీరు కాస్తా నువ్వయింది. ఆవిడే అది గమనించి నాలుక్కరుచుకుని లోపలికెళ్ళింది. నాకు మాత్రం ఆ నువ్వు సబబుగానే ఉందనిపించింది. ఆ సాయంత్రమంతా వాన చూస్తూ కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్లన్నీ బాగా వినపడ్డాయి.

*

మర్నాడు పొద్దున్న ఏడుకి అయిదు నిమిషాలుండగా మా ఆవిడని రేడియో పక్కన కూర్చోమన్నాను. పాత నోటు పుస్తకం, పెన్సిలు చేతికిచ్చాను.

"వినపడిందల్లా రాయి. నేను చదువుకుని జవాబు చెబుతాను."

"లైబ్రరీకి తొమ్మిదింటికెళ్ళాలి నేను."

"అరగంటే."

మైకు మీట నొక్కి నెట్ మొదలెట్టాను. వరస తప్పి, మొట్టమొదట కుట్టుమిషన్ ఆవిడనే పిలిచాను. సమాధానం లేదు. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోసారి పిలిచాను. లేదు. పలక్కపోయినా సెట్టు పెట్టుకుని వింటూ ఉండొచ్చు కదా అన్న ఆశతోనే మొదలెట్టాను.

"ఈ వానాకాలం నెట్‌కి వచ్చిన కొత్తవాళ్ళకి నేనేసిన మార్కులన్నీ తప్పు. అందరికీ అయిదుకి అయిదు. వాళ్ళ సెట్లు, మైకులు అన్నీ బాగున్నాయి. లోపం మా స్టేషన్‌లో ఉంది. అందరూ క్షమించాలి."

హమ్మయ్య అని మీట వదిలాను. అంతటితో గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. స్టేషన్‌లో లోపమంటే చాలు, మా క్లబ్బువాళ్ళకి పండగే. అడక్కపోయినా వైద్యం చేస్తారు. మా ఆవిడ పెన్సిలు పరుగులు పెట్టింది. పెద్దాయన అన్నాడు, 'వానకి యాంటెన్నా మూతిలోకి నీళ్ళు దిగుంటాయి, నేను మొదట్నించీ అంటూనే ఉన్నా.' ఇంకొకాయన, 'నా దగ్గర మంచి కేబులుంది, తెచ్చివ్వనా?' ఇంకొకాయన, 'స్పీకరు చివికి ఉంటుంది, మార్చేయండి మాస్టారూ, పాతదయిపోయింది.' మరొకాయన నిచ్చెన పట్టుకుని బయల్దేరబోతున్నాడు. పద్దెనిమిదేళ్ళలో నా కోసం వాళ్ళు అంత సంబరపడ్డం నేను చూడలేదు.

ఆఖర్న పెద్దాయన మళ్ళీ వచ్చాడు. మా ఆవిడ రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. 'ఏ భాగంలో లోపమో సరిగ్గా చెప్పవయ్యా. ఊరికే స్టేషనంటే ఎలా?'

కేబులని చెప్పేయొచ్చు. స్పీకరని చెప్పేయొచ్చు. కొత్త స్పీకరొచ్చేది, పేరు నిలిచేది, మూడువారాల్లో చెవి మిషన్ వచ్చేది, ఎవరికీ తెలిసేది కాదు. మా ఆవిడ పెన్సిలు ఆపి నా మొహమే చూస్తోంది. నేను మీట నొక్కాను.

"చెవుల్లో" అన్నాను. "నా చెవుల్లో. సన్నటి మాటలు నాకు వినపడవు. రెండు మూడేళ్ళయింది. నిన్న కుట్టుమిషన్ ఆవిడ ఇంటికెళ్ళి ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క వినకుండా అలాగే అని వచ్చాను. దేనికి అలాగే అన్నానో ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు మీరు మాట్లాడేది మా ఆవిడ రాసిపెడితే చదువుకుంటున్నాను."

మీట వదిలాను. స్పీకర్లోంచి ఏమీ లేదు. నిజంగా లేదో, నాకే లేదో తెలియక మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. ఎవరూ మాట్లాడ్డం లేదు. పద్దెనిమిదేళ్ళలో మా నెట్ అంతసేపు ఊరుకోవడం అదే మొదలు.

తర్వాత శబ్దం వచ్చింది. నోట్లో గుడ్డ కుక్కిన గొంతు. ఆవిడదే.

మా ఆవిడ పుస్తకం మీదికి వంగింది. కానీ రాయట్లేదు. వింటోంది. గొంతు ఆగకుండా వస్తోంది. చిన్న వాక్యాలు కాదు, చాలా పొడుగు వాక్యాలు. నాకు ఆదుర్దా ఎక్కువైపోయింది. మా ఆవిడ మోచెయ్యి తట్టాను.

"ఏమంటోంది? రాయవేం?"

"ఆగండి."

"మేడ సంగతేమైనా చెప్పిందా?" మా ఆవిడ నా వైపు తిరిగింది.

"పెట్టె పెట్టుకోండి గానీ మిమ్మల్ని మాత్రం మెట్లెక్కనివ్వనందట నిన్న. దానికే అలాగే అన్నారట మీరు." మా ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "ఇప్పుడు పరవాలేదు, ఎక్కొచ్చంటోంది."

"మరి ఇంకా ఏం మాట్లాడుతోంది?"

"తిడుతోందండీ. ఇంకా అవలేదు. ఇందాకట్నించీ తిడుతూనే ఉంది."

"అవి కూడా రాయి!"

"అంత వేగంగా నేను రాయలేను."

గొంతు ఆగింది. వంతు నాది. పుస్తకంలో కాగితం ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళ కంట్రోలర్ గిరీలో ఎవరినీ అడగని మాట ఒకటి ఉంది నా దగ్గర. మీట నొక్కాను.

"మొత్తం తప్పిపోయిందమ్మా, మళ్ళీ చెప్పండి" అన్నాను. "మొదట్నుంచీ, కాస్త నెమ్మదిగా."